ఆల్బరీన్యో పోసిన శుక్రవారం

ఖతార్ వెళ్లొచ్చి వైన్ గురించి రాయడమేమిటని ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఎడారినీ అద్దాల మేడలనూ నేనూ చూశాను. వాటి ఫోటోలు మీ ఫోన్లలో నా కెమెరాకంటే బాగా వచ్చినవే ఉంటాయి. నేను విశాఖపట్నంలో ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏ వంటకానికి ఏ పానీయం నప్పుతుందో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. రుచి చూసి ఉమ్మేయడం నా ఉద్యోగంలో భాగం. మా చెల్లెలు వసుధ కుటుంబం దోహాలో ఉంటుంది. వాళ్ల దగ్గర ఓ వారం ఉండి రావడానికి చలికాలం చివర్లో వెళ్లాను. ఆ వారంలో ఎక్కువ భాగం ఒకే ఒక్క తెల్ల వైన్ చుట్టూ, దాన్ని పోసే మనిషి చుట్టూ గడిచింది.

విమానాశ్రయం

ఆ దేశంలోకి మద్యం తీసుకెళ్లకూడదు. నాకా సంగతి తెలుసు. తెలిసి కూడా, వసుధ అడిగిందని ఇంట్లో చేసిన చెరకు వెనిగర్ ఒక సీసాలో పోసి పెట్టెలో పెట్టుకున్నాను. కస్టమ్స్ తెర మీద ఆ సీసా కనబడగానే నన్ను పక్కకు రమ్మన్నారు. యువ అధికారి ఒకాయన మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపు దగ్గి, "సలాడ్?" అని అడిగాడు. "సలాడ్" అన్నాను. నవ్వి పంపించేశాడు.

కారులో వసుధ ఒక జాగ్రత్త చెప్పింది. "అక్కా, మా ఫ్రెండ్స్ ముందు వైన్ గీన్ అనకు. హోటల్ మేనేజ్‌మెంట్ లెక్చరర్ అను, చాలు." వాళ్లది నగరం అంచున ఒకేలా కట్టిన విల్లాల వరస. అక్కడుండేవాళ్లలో సగంమంది హైదరాబాద్, విజయవాడల ఇంజనీర్ల కుటుంబాలే. మొదటి సాయంత్రం నన్ను చూడటానికి వచ్చిన నలుగురికీ నేను లెక్చరర్‌ని మాత్రమే. పకోడీలు బాగున్నాయి. టీ మాత్రం వీధి చివర దుకాణంలో తాగిన కరక్ చాయ్ ముందు తేలిపోయింది. చిక్కగా, ఏలకులు వేసి మరిగించిన ఆ టీ ఒక్క రియాల్, అంటే మన పాతిక రూపాయలు. విశాఖ బీచ్ రోడ్డులోనూ అంతే పెడుతున్నాం, ఆ చిక్కదనం లేకుండా.

హోటల్ గుమ్మం

రెడ్డెప్ప నా పాత విద్యార్థి. మదనపల్లె దగ్గర పల్లెటూరివాడు. ఎనిమిదేళ్ల కిందట చివరి బెంచీలో కూర్చుని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా క్లాసులో రెండో ర్యాంకు తెచ్చుకున్నవాడు. ఇప్పుడు దోహాలో ఒక హోటల్లో వైన్ చూసుకుంటాడు. నేను వస్తున్నానని తెలిసి మెసేజ్ పెట్టాడు: "మేడం, శుక్రవారం మధ్యాహ్నం ఇరవైనాలుగు మందికి విందు. ఒకటే వైన్, ఐదు వంటకాలు. మీరొకసారి వచ్చి నప్పాయో లేదో చూడాలి."

మద్యం పోయడానికి అనుమతి ఉన్న హోటళ్లలో గుమ్మం దగ్గరే పాస్‌పోర్ట్ చూపించాలి. నాది తిరగేసిన సెక్యూరిటీ మనిషి పేరు గంగారాం, జగిత్యాల వైపు.

"మనోళ్లేనా మేడం? విశాఖపట్నమా! నేను వచ్చి తొమ్మిదేండ్లయింది. మా ఊర్ల ఇప్పటికీ 'గంగారాం దుబాయ్ పోయిండు' అనే అంటరు. ఖతార్ అంటే ఎవ్వరికీ తెల్వది" అన్నాడు. పనివాళ్లను ఉంచే క్యాంప్ బిర్కత్ అల్ అవామిర్‌లోనట, డ్యూటీకి రానూపోనూ బస్సులో రెండు గంటలు. లోపల ఏం పోస్తారో ఎప్పుడైనా చూశావా అని అడిగితే, "నాకెందుకు మేడం, నాకు తలుపే డ్యూటీ" అన్నాడు.

మంగళవారం, ఆ సమయంలో రెస్టారెంట్ ఖాళీగా ఉంది. రెడ్డెప్ప మేనేజర్‌ని పరిచయం చేశాడు. నాదీన్, లెబనాన్ ఆమె, నా వయసే ఉంటుంది. విందు బాగా జరిగితే వైన్ విభాగం మొత్తం రెడ్డెప్ప చేతికి ఇస్తానని నా ముందే చెప్పి వెళ్లిపోయింది.

ఆ వైన్ పేరు ఆల్బరీన్యో. ఆ ద్రాక్ష పేరే వైన్‌కీ పేరు. స్పెయిన్‌కి వాయవ్య మూల గలీసియా అనే వానల ప్రాంతంలో, అట్లాంటిక్ ఒడ్డున పండుతుంది. నేల తడిగా ఉంటుంది కాబట్టి తీగల్ని కిందికి వదలరు, రాతి స్తంభాలు పాతి పందిరెక్కిస్తారు. ఒకప్పుడు హైదరాబాద్ శివార్లలో ద్రాక్షతోటలు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్త కాదు, అవే గ్రానైట్ స్తంభాలు, అదే నెత్తిన పందిరి. తేడా రుచిలో ఉంది. మన ద్రాక్ష తీపికోసం పండింది. ఇది పులుపు కోసం పండుతుంది, అందులో సముద్రపు ఉప్పు కొంచెం కలిసినట్టుంటుంది.

రెడ్డెప్ప గ్లాసులో పోసి, తాను రాసుకున్నది చదివాడు. "దబ్బకాయ తొక్క. పండీ పండని పీచ్. వెనకాల సముద్రపు గాలి."

అవి నా మాటలు. ఎనిమిదేళ్ల కిందట క్లాసులో నేనన్నవి, అదే వరసలో. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దబ్బకాయ లేదు, పీచ్ లేదు. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. గాలి సోకి చచ్చిపోయిన వైన్ అది.

"ఇది ఎప్పుడు తెరిచావు?"

"ఈ పొద్దే మేడం."

గ్లాసులు తుడుస్తున్న వెయిటర్ తలెత్తి, అది ఆదివారం తెరిచిన సీసా అనీ కొత్తది ఫ్రిజ్‌లో ఉందనీ అన్నాడు. రెడ్డెప్ప చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగు రోజుల నుంచి జలుబు మేడం" అన్నాడు. ఒకసారి కూడా తుమ్మలేదు.

ఉత్తరానికి

మర్నాడు అతనికి సెలవు. వాళ్ల నాన్న చిన్నప్ప ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో ఇంటి డ్రైవర్. చూసి వద్దామన్నాడు. గంటకు పైగా ప్రయాణం. దారి పొడుగునా రాళ్లు, కరెంటు తీగలు, అక్కడక్కడా కంచె వేసిన తోటలు. మనకు రోడ్డంటే గేదెలూ ట్రాక్టర్లూ ధాన్యం ఆరబోతలూ. ఇక్కడ గంటసేపు ఒక్క ప్రాణి అడ్డం రాలేదు. నాకు నిద్ర పట్టింది.

చిన్నప్పకు అరవై దాటాయి. ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ ఇంటి పిల్లల్ని బడికి తీసుకెళ్లాడు, ఇప్పుడు వాళ్ల పిల్లల్ని తీసుకెళ్తున్నాడు. గేటు పక్కన అతని గది, గది బయట రేకు కింద స్టవ్. నన్ను చూడగానే "యల్లా, చేపలు తెద్దాం పదండి మేడం" అని రేవుకు నడిపించాడు. పడవల దగ్గర సాఫీ అనే చిన్న చేపలు అప్పుడే దింపుతున్నారు. చిన్నప్ప ఒక్కొక్కదాని మొప్పలు విప్పి వాసన చూసి ఎంచాడు. బేరం అరబ్బీలో మొదలై హిందీలో ముగిసింది. "జాస్తీ హై అఖీ, ఫులూస్ మాఫీ" అని, ధర ఎక్కువ, డబ్బుల్లేవంటూ ఆయన తిరిగి నడవబోతే పడవవాడు వెనక్కి పిలిచాడు. మేం చేపలు ఎంచినంతసేపూ రెడ్డెప్ప దూరంగా నిలబడి సముద్రం చూస్తున్నాడు.

చేపల పులుసు, రాగి సంగటి. రాగిపిండి దోహాలో దొరుకుతుందట. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని తిన్నాం. సముద్రం ఒడ్డున పుట్టిన నేను చేపల పులుసు సంగటితో తినడం అదే మొదటిసారి. రెండు ముద్దలు తిన్నాను.

రెడ్డెప్ప కారు కడగడానికి వెళ్లగానే చిన్నప్ప గొంతు తగ్గించాడు.

"వానికి వాసన తెలీదు మేడం. ఆర్నెల్లయింది. జొరం వచ్చి తగ్గింది, దాంతో పాటు అదీ పోయింది. డాక్టరు వస్తే రావచ్చు, రాకపోతే లేదన్న్యాడంట."

ఆదివారం సీసా గుర్తొచ్చింది.

"పోయిన నెల ఈడికొచ్చినాడు. గ్యాస్ పైపు జారిపోయి కంపు కొడతా ఉంది. వాడు స్టవ్ పక్కనే కుచ్చోని ఫోన్ సూస్తా ఉండాడు. టీ పెడదామని అప్పుడే లేసినాడు. నేను గేటు కాడ్నుంచి అరిచినా. ఒక్క నిమిషం ఆలస్యమయింటే ఇద్దరమూ ఉండేవాళ్లం కాదు."

"హోటల్లో అతను చేసే పనేమిటో మీకు తెలుసా?"

"సారాయి పోసే పని. నాకు తెలీదనుకుంటా ఉండాడు వాడు." కొంచెం నవ్వాడు. "పోస్తే పోయనీ మేడం, దొంగతనం కాదు గదా. తెలీనిదాన్ని తెలిసినట్టు చెప్తా ఉండాడే, అది నాకు బాగలేదు. మీరు చెప్తే వింటాడు."

తిరుగు దారి

కారు ఎక్కగానే అడిగాను. రెడ్డెప్ప దాచలేదు. ఎవరో అడుగుతారని ఎదురుచూస్తున్నట్టే చెప్పాడు. నాలుక పనిచేస్తుంది, పులుపు, తీపి, ఉప్పు, చేదు తెలుస్తాయి. నోట్లో బరువు తెలుస్తుంది. మిగతాదంతా పుస్తకాల్లోంచి, నా పాత నోట్సులోంచి. ఆరు నెలలుగా రోజూ బట్టీపట్టి పోస్తున్నాడు.

"శుక్రవారం ఒక్కరోజు నా పక్కన ఉండండి మేడం. ప్రతి సీసా మీరు వాసన చూసి సరే అనండి. విందు అయినాక నాదీన్‌కి నేనే చెప్తా."

"ముందే చెప్పొచ్చు కదా?"

"ముందే చెప్తే విందు ఉండదు నాకు."

ఒప్పుకోకూడదని తెలుసు. చివరికి ఒప్పుకున్నాను. అతని మీద జాలి ఒక కారణం. నా మాటలు ఎనిమిదేళ్లు ఒకరి నోట్లో అక్షరం పోకుండా ఉన్నందుకు లోపల ఎక్కడో గర్వపడ్డాను, అది రెండో కారణం. రెండోదే పెద్దదని ఇప్పుడనిపిస్తోంది.

వంటగదిలో గురువారం

హోటల్ వంటగదిలో వంటకాలు రుచి చూశాం. ఈసారి కొత్త సీసా. దబ్బకాయ తొక్క నిజంగానే ఉంది, పీచ్ ఉంది, చివర్లో తడిసిన రాయి వాసన ఉంది. వేయించిన సాఫీ చేప మీద లూమీ అనే ఎండు నిమ్మకాయ పొడి చల్లితే, దాని పక్కన ఈ వైన్ నూనెనంతా కడిగి నాలుకను శుభ్రం చేసింది. రొయ్యల మచ్‌బూస్, అంటే మన పులావుకు గల్ఫ్ దాయాది, అదీ బాగానే నిలబడింది. రెడ్డెప్ప పట్టుబట్టి పెట్టించిన చేపల పులుసు మాత్రం వైన్‌ను మింగేసింది. చింతపండు పులుపు ముందు ద్రాక్ష పులుపు నీళ్లయిపోయింది. గొంతులో మిరపకారం మంటకు వైన్ ఆజ్యం పోసింది. ఆంధ్రా వంటకం ఒకటి ఉండాలని అతని ఆశ. కారం తగ్గించి, కొబ్బరిపాలు పోసి, చింతపండు బదులు పచ్చిమామిడి వేయమన్నాను. అప్పుడు కుదిరింది.

గోధుమా మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ దగ్గర నాకు సందేహం. వాసనలో తప్పేమీ కనబడలేదు. రెడ్డెప్ప ఒక చెంచా తిని, ఒక గుక్క తాగి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేడం. ఇది నోట్లో దుప్పటి మాదిరి పరుచుకుంటాది. దాని మీద వైన్ జారిపోతా ఉంది, యాడా ఆగడం లేదు."

మళ్లీ తాగి చూశాను. అతనన్నది నిజం. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న నేను ముక్కునే నమ్ముకుని, నోరు చెప్పేది వినలేదు. హరీస్ జాబితాలోంచి తీసేశాం. "ఇలాగే నీకు తెలిసింది చెప్పు, నా మాటలెందుకు?" అన్నాను. "మీ మాటలు బాగుంటాయి మేడం" అన్నాడు.

శుక్రవారం

ప్రార్థనల తర్వాత విందు. అతిథులు ఇరవైనాలుగు మంది, అందరూ విదేశీ ఉద్యోగులే. నన్ను భారతదేశం నుంచి వచ్చిన ఉపాధ్యాయినిగా పరిచయం చేశారు. పక్క కౌంటర్ దగ్గర నిలబడి, రెడ్డెప్ప తెరిచిన ప్రతి సీసా నుంచి కొంచెం పోసుకుని వాసన చూసి తల ఊపుతున్నాను. మొదటి ఎనిమిది సీసాలూ బాగున్నాయి. సాఫీ చేప అయిపోయింది, మచ్‌బూస్ వచ్చింది. అంతా సాఫీగా నడుస్తోందని నాలో నేనే అనుకుని ఆ మాటకు నవ్వుకున్నాను.

అప్పుడు ఒక బల్ల నుంచి నన్ను పిలిచారు. పచ్చిమామిడి వేసిన కూర గురించి అడిగారు. మామిడికాయ గురించి నన్నెవరైనా అడిగితే తొందరగా వదలను. మాట్లాడుతున్నాను. ఈలోగా రెడ్డెప్ప తొమ్మిదో సీసా తెరిచి, కిటికీ పక్క బల్ల మీద ఆరు గ్లాసుల్లో పోశాడు.

ఆ బల్ల దగ్గర పోర్చుగల్ ఆవిడ ఒకరున్నారు. జుట్టు నెరిసిన ఇంజనీరు. గ్లాసు ఎత్తి, దింపి, మళ్లీ ఎత్తి, మర్యాదగానే అడిగింది: "ఈ వైన్ ఇలాగే ఉంటుందా?"

రెడ్డెప్ప నవ్వుతూ మొదలుపెట్టాడు. "దబ్బకాయ తొక్క, పండీ పండని పీచ్..."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన గ్లాసును వేలితో దూరంగా నెట్టాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, అక్కడికే తెలుస్తోంది. కార్క్ చెడిపోయిన సీసా అది. వానకు తడిసిన అట్టపెట్టె వాసన. వెళ్లి ఏదో చమత్కారం చెప్పి గ్లాసులు మార్పించేయొచ్చు. ఒక అడుగు వేశాను కూడా. రెడ్డెప్ప నా వైపు చూశాడు. నా మొహంలోనే అతనికి సంగతి తెలిసింది. మాట ఆపేశాడు. నేనూ ఆగిపోయాను.

సీసా బల్ల మీద పెట్టి ఇంగ్లీషులో, నిదానంగా అన్నాడు. "క్షమించండి. నాకు వాసన తెలియదు. ఆరు నెలలుగా తెలియదు. మీకేం వాసన వస్తోందో దయచేసి చెప్పండి."

ఆవిడ ఒక్క క్షణం అతని మొహం చూసి, "తడి అట్ట" అంది. అతను తల ఊపి ఆరు గ్లాసులూ తనే తీసి, కొత్త సీసా తెరిచి, ముందు ఆవిడకే పోసి, "ఇది సరేనా?" అని అడిగాడు. ఆవిడ పీల్చి సరే అంది. మిగతా విందంతా అలాగే జరిగింది. సీసా తెరవడం, ఆవిడ ముందు పెట్టడం, ఆవిడ తల ఊపడం. అతను ఆ తర్వాత వాసన గురించి ఒక్కమాట కూడా చెప్పలేదు. పులుపు ఎక్కడ తగులుతుందో, ఉప్పు ఎప్పుడు వస్తుందో చెప్పాడు. జనం విన్నారు.

అతిథులు వెళ్లాక నాదీన్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. "ముక్కు పోవడం తప్పు కాదు. ఆరు నెలలు నాకు అబద్ధం పోశావు" అంది. ఆదివారం నుంచి అతను మామూలు వెయిటర్, వైన్ బాధ్యత మరొకరికి. నాకు తెలిసే జరిగిందని నేను చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, "మీరు ఉపాధ్యాయురాలు కదా" అంది.

అల్ దోహా అల్ జదీదా

మర్నాడు సాయంత్రం నా విమానం. మధ్యాహ్నం రెడ్డెప్ప గదికి వెళ్లాను. అల్ దోహా అల్ జదీదాలో దర్జీ దుకాణం మీద, మరో ముగ్గురితో కలిసి ఉండే గది. కింద బట్టల దుకాణాలు, ఫోన్ దుకాణాలు, మలయాళీల టీ బండ్ల లాంటి చిన్న హోటళ్లు. దారిలో అరటిపళ్లు కొన్నాను. పరామర్శకు వెళ్తున్నట్టుందని అనిపించింది.

అతను అనుకున్నంత దిగులుగా లేడు. జీతం తగ్గుతుంది, కానీ రాత్రి బట్టీపట్టకుండా నిద్రపోయానన్నాడు. కిటికీలో నాలుగు చిన్న గాజు సీసాలున్నాయి. నిమ్మనూనె, లవంగం, గులాబీ అత్తరు, నీలగిరి తైలం. రోజుకు రెండుసార్లు ఒక్కొక్కటీ పీల్చి, దాని అసలు వాసన తలచుకోవాలని డాక్టరు చెప్పాడట. చాలామంది నెలరోజుల్లో మానేస్తారు. ఇతను ఐదు నెలలుగా చేస్తున్నాడు.

"మీ ముందు చేస్తా మేడం" అని కూర్చున్నాడు. నిమ్మ పీల్చి, "ఏం లేదు" అన్నాడు. లవంగం, "లేదు." గులాబీ, "లేదు." నీలగిరి తైలం మూత తీశాడు. పీల్చి ముఖం తిప్పుకున్నాడు.

"ఏమైంది?"

మళ్లీ పీల్చాడు. "ఏదో ఉంది మేడం. రబ్బరు కాలినట్టు. నీలగిరి కాదు."

సీసా తీసుకుని చూశాను. అది నీలగిరి తైలమే, తేటగా ఉంది. పోయిన వాసన తిరిగి వచ్చేటప్పుడు ఒక్కోసారి ఇలా వంకరగా వస్తుందని, మంచివన్నీ నెలల తరబడి కుళ్లినట్టో కాలినట్టో అనిపించవచ్చని చదివాను. అది చెప్పాను. పూర్తిగా సరి కాకపోవచ్చని కూడా చెప్పాను. అతను వింటున్నాడో లేదో తెలియదు. మూత పెట్టడం, తీయడం, పీల్చడం, మొహం చిట్లించడం. పోతుందేమోనన్న భయంతో నాలుగైదుసార్లు చేశాడు. ప్రతిసారీ ఉంది.

ఫోన్ తీసి వాళ్ల నాన్నకు చేశాడు. స్పీకర్‌లో చిన్నప్ప గొంతు వినబడింది.

"నాయినా, కంపు కొడతా ఉంది!"

"ఏం కంపురా?"

"తెలీదు నాయినా. చానా అసయ్యంగా ఉంది" అన్నాడు రెడ్డెప్ప, కళ్లు తుడుచుకుంటూ.